గడప దాకా వచ్చిన పచ్చగిన్నె

ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది. ప్రవాహం వెంబడి చూస్తే ఎడమన గౌతమి, కుడిన వశిష్ఠ. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రే. కాటన్ ఆనకట్టకు రాయి ఇచ్చిన కొండలు ఇక్కడితో ఆగిపోతాయి, దిగువన ఇక మట్టిదే రాజ్యం. మెత్తని మట్టి, కావలసినంత నీరు, మన్యం నుంచి నదిలోనే తేలివచ్చే కలప, తరతరాలుగా సారె తిప్పిన చేతులు. కుమ్మరికి ఇంతకు మించి ఏం కావాలి? అయినా రాజమహేంద్రవరం రాజధానిగా వెలిగిన రోజుల్లో గానీ, తరువాత రెడ్డిరాజుల ఏలుబడిలో గానీ, దొరలు నోటికి అందుకోదగినదనీ, పిల్లలకు ఆస్తిగా అప్పగించదగినదనీ ఎంచిన మట్టి గిన్నె ఈ సీమలో పుట్టిన జాడ లేదు. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే, ఇదే సముద్రపు దారి తూర్పు కొసన, కొరియాలో రాజులూ కవులూ మట్టి గిన్నెలో మధువు పోసుకుని ఆ గిన్నెను మణిలా చూసుకున్నారు. ఈ తేడాకు కారణం మట్టిలో ఉందా, పనితనంలో ఉందా, తాగేవాడి మనసులో ఉందా? నా తీర్పు మూడోదాని వైపే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కొరియా గిన్నె సంగతి తెలియాలి.

918 నుంచి 1392 దాకా కొరియాను ఏలినది గొర్యో వంశం. ఆ దేశపు నైరుతి తీరాన గాంగ్‌జిన్, బువాన్ అనే చోట్ల కొండవాలు మీద పొడుగాటి ఆవాలు కట్టి కాల్చిన పాత్రలనే నేడు ప్రపంచం గొర్యో సెలడాన్ అంటోంది. విద్య చైనా నుంచి వచ్చింది, నేర్చినవాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. ఒంటికి బూడిదరంగు మట్టి, దానిమీద నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు ఇనుము కలిసిన గాజుపూత. వేడి 1200 డిగ్రీల ప్రాంతానికి చేరాక ఆవంలోకి గాలి సరిగా అందకుండా కట్టేస్తే, పూతలోని ఇనుము ఎర్రబడకుండా నీలి కలిసిన పచ్చగా తేలుతుంది. గాలి కాస్త ఎక్కువ చొరబడిందా, అదే గిన్నె పసుపుపచ్చగానో గోధుమరంగులోనో బయటికి వస్తుంది. ఆ పచ్చను అందుకోవడమే కుమ్మరి జీవితం. 1123లో చైనా సోంగ్ చక్రవర్తి పంపిన రాయబార బృందంతో గొర్యో రాజధాని కేసాంగ్‌కు వచ్చిన షూ జింగ్, అక్కడివాళ్లు ఈ రంగును లకుముకి పిట్ట రంగు అంటారని రాసుకున్నాడు. పుచ్చకాయలాంటి ఒంటితో, తామరపువ్వు మీద ఒదిగి కూర్చున్న బాతే మూతగా ఉన్న మధుపాత్రను ప్రత్యేకంగా వర్ణించాడు. 12వ శతాబ్దంలోనే అక్కడి పనివాళ్లు ఇంకో అడుగు వేశారు. పచ్చిమట్టి మీద బొమ్మ చెక్కి, ఆ గాట్లలో తెల్లమట్టీ నల్లబడే మట్టీ నింపి, పైన పచ్చపూత పోశారు. మబ్బుల మధ్య ఎగిరే కొంగలు అలా పుట్టినవే.

వాళ్లు తాగింది బియ్యంతో పులియబెట్టిన మధువు. దాన్ని గోరువెచ్చగా తాగేవారు కనుక మధువు పోసే కూజాకు జతగా వేడినీళ్ల గిన్నె ఉండేది, చిన్న గిన్నెకు కింద పువ్వులాంటి పీట ఉండేది. విందులో ఇవన్నీ ఒక వరసలో కదలాలి. కవి ఇ గ్యూబో (1168–1241) మధువునే ఒక మనిషిగా చేసి దానికి జీవితచరిత్ర రాశాడంటే ఆ కొలువుల్లో తాగడం ఎంత పెద్ద విద్యో అర్థమవుతుంది. అన్నిటికంటే విలువైన సాక్ష్యం మళ్లీ షూ జింగ్‌దే. విందులో పాత్రలు ఎక్కువగా బంగారు పూతవో వెండివో ఉన్నా, పచ్చని మట్టిపాత్రనే వాళ్లు అపురూపంగా చూస్తారని ఆయన చెప్పాడు. లోహం లేక మట్టిని ఆశ్రయించిన దేశం కాదది. వెండి చేతిలో ఉండి కూడా మట్టిని పైన పెట్టింది. 1157లో ఉయ్‌జాంగ్ అనే రాజు తన విలాసమంటపానికి సెలడాన్ పెంకులే నేయించాడని గొర్యో చరిత్రలో ఉంది. 1146లో పోయిన ఆయన తండ్రి ఇంజాంగ్ సమాధిలో కూడా పచ్చపాత్రలు దొరికాయి. ఇంత గౌరవం గిన్నెకే గానీ దాన్ని చేసినవాడికి దక్కలేదు. ఆ కుమ్మరులు ప్రత్యేక సీమలకు కట్టుబడి, పన్నుగా పాత్రలు చెల్లించుకుంటూ బతికినవాళ్లు. కళ గొప్పదైన చోట కళాకారుడు సుఖపడ్డాడని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. కొరియా గిన్నెలు ఇక్కడికి వచ్చాయని నేను అనడం లేదు. వచ్చినవి వాటికి తోబుట్టువులైన చైనా పచ్చగిన్నెలు. దారి మాత్రం తెరిచే ఉంది. రాజరాజనరేంద్రుడి కొడుకుగా వేంగిలో పుట్టి 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడి కాలంలో, 1077లో, చోళదేశపు రాయబారం చైనాకు వెళ్లింది. చైనా చరిత్రలో కనిపించే ఆ రాజు పేరును చాలామంది పండితులు కులోత్తుంగుడిదిగానే గుర్తించారు. గాజుపాత్రలూ ముత్యాలూ తీసుకుపోయిన ఆ బృందానికి చక్రవర్తి తిరిగి ఇచ్చింది 81,800 దండల రాగినాణేలు, చైనా తూకంలో 52,000 తేల్‌ల వెండి. అంటే లోహం. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఇంకా దగ్గరి సాక్ష్యం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు కాజేసే పాత అలవాటును ఆయన మానుకుని, ముప్ఫైలో ఒక వంతు సుంకంతో సరిపెట్టుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. చందనం, దేశీకర్పూరం, చీనీకర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పగడం, పట్టు, మిరియాలు, పోకలు అన్నీ ఉన్నాయి. గిన్నె లేదు. నూటయాభై ఏళ్లకు శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి, కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. ఆయన తెప్పించిన సరుకుల్లో హురుముంజి గుర్రాలున్నాయి, సింహళపు ఏనుగులున్నాయి, చైనా నుంచి పట్టుబట్టలున్నాయి. చైనా అనగానే ప్రపంచమంతా తలుచుకునే వస్తువు మాత్రం లేదు.

ఇది మౌనం మీద కట్టిన వాదం కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. మట్టిపాత్ర చవక సరుకు, ఓడ తూగకుండా అడుగున వేసుకొచ్చిందేమో, శాసనమూ కావ్యమూ దాన్ని పట్టించుకోలేదేమో అన్నది ఆ అభ్యంతరం. కానీ మోటుపల్లి శాసనం పోకచెక్కను వదల్లేదు, సీసాన్ని వదల్లేదు. 1323లో చైనా నుంచి జపాన్‌కు బయలుదేరి కొరియా తీరాన షినాన్ వద్ద మునిగిన ఓడలో ఇరవై వేలకు పైగా పింగాణీ, సెలడాన్ పాత్రలు దొరికాయి. అడుగుబరువుకు వేసుకున్నవి కావవి, అసలు సరుకే అవి. మన దగ్గర మట్టి తవ్వితే దొరికేదీ ఈ మాటనే బలపరుస్తుంది. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం దక్షిణ భారత తీరాన వెతికినప్పుడు మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరపు కొత్తపట్నంలోనూ 13, 14 శతాబ్దాల చైనా పాత్రల పెంకులు కనిపించాయి. కాబట్టి గిన్నె వచ్చింది. దొరికిన చోటు మాత్రం రేవు. ఓడవాళ్లూ పరదేశి వర్తకులూ దిగి, వండుకుని, తిని, కొంత దించి, కొంత ఎక్కించి పోయే వాడ. గడప దాకా వచ్చిన అతిథిని లోపలికి పిలిచారా లేదా అన్నదే ప్రశ్న, గడప దగ్గర కాలి గుర్తులున్నాయా అన్నది కాదు.

మన మట్టి పనికిరాదు, అంతే అనేవాళ్లున్నారు. డెల్టా ఒండ్రులో ఇనుము ఎక్కువ, సెలడాన్ వేడికి అది కూలిపోతుంది, అందుకే మన కుండ ఎర్రగా, మెత్తగా, నీరు చెమర్చేదిగా మిగిలిందని వాళ్ల వాదం. ఒండ్రు వరకు ఇది నిజమే. అయితే ఆ ఒండ్రు దాటి పడమటి మెట్టకు పోతే ద్వారకాతిరుమల చుట్టుపక్కల తెల్లగా కాలే మేలైన బంకమట్టి ఉంది. పింగాణీ పరిశ్రమలు దాన్ని కోరి తవ్వుకుంటున్నాయి. కొరియాలోనూ గాంగ్‌జిన్ కుమ్మరి కాళ్ల కింద మట్టినే నమ్ముకోలేదు, వెతికి, కడిగి, వడగట్టాడు. ఇంతకంటే గట్టి జవాబు మన గతంలోనే ఉంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి అమరావతిలో, శాలిహుండంలో అద్దంలా నునుపుదేరిన పలచని మట్టి పళ్లేలు దొరికాయి. లోపల వలయాలుగా సన్నని చుక్కల గీతలుండే ఆ పళ్లేలను పురావస్తు శాస్త్రజ్ఞులు రూలెటెడ్ పాత్రలంటారు. అవి అన్నం తినడానికి చేసిన ఉత్తమమైన మట్టిపాత్రలు. బౌద్ధ వినయం భిక్షువుకు ఇనుప పాత్ర, మట్టి పాత్ర రెండే అనుమతించి, బంగారాన్నీ వెండినీ కాదన్నది ఆ కాలానిదే. అప్పుడు మట్టి సరిపోయింది, చేయి సరిపోయింది. వెయ్యేళ్ల తరువాత సరిపోకపోతే మారింది మట్టి కాదు. గొర్యో కూడా బౌద్ధ రాజ్యమేనన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. అదొక్కటే కారణమని చెప్పేంత దూరం నేను పోను, కానీ మట్టి భిక్షాపాత్రను పూజ్యంగా చూసిన కళ్లు మట్టి మధుపాత్రను తక్కువగా చూడలేదన్నది కనిపిస్తూనే ఉంది.

మారింది ఎంగిలి. ఈ మాటకు గొర్యో కొలువులో సమానమైన అడ్డంకి లేదు. నోరు తగిలిన పాత్ర మరొకరికి పనికిరాదు, నీటితో కడిగితే శుద్ధి అయ్యేవి కొన్నే, మట్టి వాటిలో లేదు. మనుస్మృతి ఐదో అధ్యాయం ద్రవ్యశుద్ధి గురించి చెబుతూ లోహాలకు బూడిద, నీరు, పులుపు చాలన్నది. మట్టిపాత్రకు మళ్లీ కాల్చడమే శుద్ధి. అయితే మద్యం తగిలిన మట్టిపాత్రకు ఆ దారీ మూసేసింది. మద్యాన్ని మలమూత్రాల పక్కన చేర్చి, అవి తాకిన మట్టిపాత్ర మళ్లీ కాల్చినా శుద్ధి కాదంది. మట్టి, మధువు కలిసి ఉండగల చోటును ఒక్క వాక్యంతో తుడిచేసిన నియమమిది. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర రాశాడు, 13వ శతాబ్దంలో కేతన దాన్ని ఆధారం చేసుకుని తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. అంటే స్మృతుల లోకం సంస్కృతంలో ఎక్కడో దూరాన లేదు, తెలుగు పద్యంగా ఇంటికే వచ్చింది. అదే కల్యాణి సింహాసనం మీద కూర్చున్న మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే పెద్ద గ్రంథం కూర్చి, అందులో రాజవినోదాల మధ్య మదిరాపానానికీ చోటిచ్చాడు. అంటే రాజులు తాగారు. అది దాచిన విషయమూ కాదు. అయితే రాజభోగానికి ఆయన ఎంచిన పాత్రలో మెరిసేది బంగారమే.

శాస్త్రం బ్రాహ్మణుల మాట, తాగినవాళ్లు దాన్ని లెక్కచేశారా అన్న ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు పుస్తకాల్లో కంటే తాటితోపులో దొరుకుతుంది. డెల్టాలో చెట్టు దిగిన కల్లు లొట్టిలోంచి తాగేవాడి నోటికి చేరేది తాటాకు దొన్నెలోనో, ముంతలోనో. దొన్నె తాగిన చోటే పడుతుంది. ముంత అడుగున మిగిలినా దానికి విలువ లేదు. శాస్త్రం చదవనివాడు కూడా శాస్త్రం చెప్పినట్టే చేశాడు: నోటికి తగిలిన మట్టిని, ఆకును పారేశాడు. ఉన్నవాడి ఇంట లోహం, లేనివాడి చేతిలో ఆకు. నడుమ మట్టి గిన్నెకు నిలవ నీడ లేదు. కంచం అన్న మాటలోనే కంచు ఉంది. ప్రయాణంలో వెంట తీసుకుపోయేది మరచెంబు. లోహానికి మరో బలం తూకం. తంజావూరు గుడి గోడల మీద రాజరాజచోళుడు ఇచ్చిన వెండి బంగారు పాత్రలను ఒక్కొక్కటిగా బరువుతో సహా చెక్కారు. ఆ రాజరాజు మనవడే మన రాజరాజనరేంద్రుడు. తూచగలిగినదాన్ని దానమివ్వవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, సొట్టపోతే కరిగించి మళ్లీ పోయవచ్చు. రంగులో దాగిన విలువను తూచలేం. కనుక డెల్టా చేతుల్లోని నేర్పు మట్టిలోంచి కంచరి కొలిమికి పోయింది. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి పని ఇవాళ్టికీ చెప్పుకునేలా ఉండటం, కుమ్మరి ఆవం మాత్రం వందల ఏళ్లు కుండ దగ్గరే నిలిచిపోవడం ఒకే నాణేనికి రెండు వైపులు. పారేయబోయే పాత్ర మీద పది రోజులు కూర్చుని కొంగలు చెక్కే కుమ్మరి ఏ దేశంలోనూ ఉండడు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. కొరియాలో మధువు వెచ్చగా తాగుతారు, వెచ్చనిది లోహంలో పోస్తే చేయీ పెదవీ కాలుతాయి, మట్టి గిన్నె అక్కడ అవసరం. ఇక్కడ కల్లు చల్లగా, దిగిన పూటే తాగాలి, దానికి ఏ పాత్ర అయినా ఒకటే. కాబట్టి తేడా వాతావరణానిదే గానీ మనసుది కాదంటే? ఇందులో కొంత ఒప్పుకుంటాను. చలిదేశపు తాగుడు మట్టికి అనుకూలించింది. అయితే ఆ వాదం నిజంగా నిలబడాలంటే మనకు కూడా వెచ్చని పానీయం దొరికిన నాడు మనమూ మట్టినో పింగాణీనో వెతుక్కుని ఉండాలి. వేడిపాలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి, కంచులోనే తాగాం. ఆ తరువాత కాఫీ వచ్చింది, పొగలు కక్కే కాఫీ. దాన్ని ఇత్తడి గ్లాసులో పోసి, చేయి కాలకుండా డవరా కనిపెట్టి, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకున్నాం. వేడిని తప్పించుకోవడానికి పాత్ర మార్చడం సులువు. మన ఇళ్లు పాత్రను మార్చలేదు, తాగే పద్ధతిని మార్చాయి. ఇంత శ్రమ పడింది దేనికోసమో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

విజయనగరం సంగతేమిటని చరిత్ర తెలిసిన పాఠకుడు అడుగుతాడు. హంపిలో పెద్దింటివాళ్లు నివసించారని భావించే చోట చైనా పింగాణీ దొరికిన మాట నిజం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సెలడాన్ పాత్రలు ఉన్నదీ నిజం. దక్కన్ ముస్లిం కొలువుల్లో ఆ పచ్చపళ్లేనికి ఉన్న గిరాకీ అందరికీ తెలిసిందే. విషం కలిపిన అన్నం పెడితే అది పగులుతుందనో రంగు మారుతుందనో గాఢంగా నమ్మేవారు. ఇవి నా వాదాన్ని కూల్చవు, నిలబెడతాయి. సుల్తానుల పంక్తిలో ఒకే పళ్లెంలో పదిమంది చేతులు పెట్టి తినడం మర్యాద. ఎంగిలి అన్న గోడ అక్కడ లేదు, పచ్చగిన్నె నేరుగా విందులోకి నడిచి వచ్చింది. ఆ కొలువుల వేషమూ మర్యాదా విజయనగర రాయల దాకా పాకాయి. తలమీద కుళ్లాయి, ఒంటిమీద కబాయి వేసుకున్న దొరల ఇంటికి పింగాణీ వచ్చిందంటే ఆశ్చర్యమేముంది? మట్టి అదే, సముద్రం అదే, ఓడలూ అవే. మర్యాద మారిన చోట గిన్నె లోపలికి వచ్చింది, మారని చోట బయటే ఉంది. పింగాణీ అన్న మాట కూడా మనకు పారసీకం నుంచి, ఆ కొలువుల దారినే వచ్చింది.

తెలుగు ఇంట్లోకి గాజుపూత మట్టి స్వతంత్రంగా వచ్చిన దారి ఒక్కటుంది: ఊరగాయ జాడీ. ఉప్పూ పులుపూ ఇత్తడిని తినేస్తాయి, మామూలు కుండ నూనె పీల్చేస్తుంది, కనుక ఆవకాయకు జాడీ తప్పలేదు. అయినా జాడీలో చేయి పెట్టేది మడి కట్టుకున్న ఒక్కరే. నోటికీ జాడీకీ మధ్య గరిటె, ఆ తరువాత కంచం ఉంటాయి. దాచడానికి మట్టి పనికొచ్చింది, తాగడానికి రాలేదు. 2010లో కొరియా తీరాన మాడో దగ్గర సముద్రంలో తవ్విన ఓడలో, 1200 ప్రాంతపు సరుకుల మధ్య, భుజాలు పొంగి నడుము సన్నగిల్లిన రెండు అందమైన సెలడాన్ సీసాలు దొరికాయి. మేబ్యాంగ్ అనే ఆ సీసాలు మధువు కోసమేనని అంతదాకా చాలామంది అనుకున్నారు. వాటికి కట్టిన వెదురు చీటీల మీద ఒకదానిపై తేనె అనీ, రెండోదానిపై నువ్వులనూనె అనీ ఉంది. గొర్యోలో ఒకే పాత్ర వంటింటికీ విందుకీ నడుమ ఏ అడ్డూ లేకుండా తిరిగింది. మన జాడీ అటక దిగి విందులోకి ఎప్పుడూ రాలేదు.

చివరికి గాజుపూత గిన్నె తెలుగు పెదవిని చేరింది, ఇరవయ్యో శతాబ్దంలో, టీతోపాటు. పింగాణీ కప్పూ సాసరూ, తరువాత గాజు గ్లాసూ హోటళ్లలోకి వచ్చాయి. ఇవి నీరు పీల్చవు, మరిగిన నీళ్లలో ముంచితే ఏ మచ్చా మిగలదు. మట్టి మీద ఉన్న పాత అభ్యంతరానికి ఇక ఆధారమే లేదు. సరిగ్గా అప్పుడు ఎంగిలి తన అసలు రూపం చూపించింది. ఎన్నో ఊళ్ల టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టారు, తాగినవాడే కడిగి బోర్లించి పోవాలన్నారు. రెండు గ్లాసుల పద్ధతి అని దానికి పేరే ఏర్పడింది. గొడవ గిన్నె మట్టిది ఎన్నడూ కాదు, గిన్నె పట్టుకున్న మనిషిది. మన పూర్వులకు అందం తెలియక పచ్చగిన్నెను వద్దనలేదు. పక్కవాడి నోటిని చూసి భయపడ్డారు, ఆ భయానికి ఒక కళను చెల్లించారు, మనుషుల గౌరవాన్నీ చెల్లించారు. ఇది చిన్న మూల్యం అని నేను అనుకోను. 1955లో పార్లమెంటు అంటరానితనం నేరాల చట్టం చేసినప్పుడు, నాలుగో సెక్షన్‌లో బావులతో, రోడ్లతో పాటు హోటళ్లలో అందరి కోసం ఉంచిన పాత్రలను కూడా పేరుపెట్టి చేర్చింది.